పి.హెచ్.డి. చేసే పిల్లలు ముందు వార్డుకు రావాలి



అశోక్‌నగర్, చిక్కడపల్లి అంటే గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలే గుర్తుకు వస్తారు. ఈ మధ్య ఇంకో రకం పిల్లలు కూడా మా దగ్గరకు వస్తున్నారు. ఇంజనీరింగ్ చదివారు. వైద్యంలో కృత్రిమ మేధ, అంటే ఎ.ఐ. మీద పి.హెచ్.డి. చేస్తాము, పేషెంట్ల రికార్డులు ఇప్పించండి అంటారు. నాది నర్సింగ్ డిప్లొమా. పి.హెచ్.డి. గురించి ఈవిడకేమి తెలుసు అనుకోవచ్చు. వారు అడిగే రికార్డులు రాసేది మేమే గనుక నాలుగు మాటలు చెబుతాను.

చాలా ప్రతిపాదనలకు 'ఎ.ఐ. ద్వారా సెప్సిస్‌ను ముందుగా గుర్తించుట' వంటి పేరు ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితిని సెప్సిస్ అంటాము. మొదటి నాలుగు పేజీలూ ఆల్గారిథమ్‌లే. పేషెంటు ఐదో పేజీలో వస్తాడు, నర్సు అసలు రాదు. ఏ వార్డులో, ఎలాంటి పేషెంటుకు, ఎన్ని గంటల ముందు తెలియాలి, తెలిస్తే ఎవరు ఏమి చేస్తారు అన్నది మొదటి పేజీలోనే ఉండాలని నా అభిప్రాయం.

"డేటా ఇవ్వండి చాలు సిస్టర్, మిగతాది మోడల్ చూసుకుంటుంది" అన్నాడు ఒక బాబు. టి.పి.ఆర్. చార్టునే తీసుకోండి. ఉదయం 6 గంటలకు చూసిన నాడి, జ్వరం, మధ్యలో ఎమర్జెన్సీ వస్తే, డ్యూటీ అప్పగించే ముందు 7.30కి రాస్తారు. కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు టైము మళ్ళీ మారుతుంది. గంటల ముందే ప్రమాదం చెబుతానన్న యంత్రానికి ఆ గంటే తప్పు. శ్వాస సంగతి మరీను. నిండు నిమిషం ఛాతీ చూస్తూ లెక్కపెట్టాలి. ఒక్క సిస్టర్‌కు వార్డంతా అప్పగించిన రాత్రి వరుసగా అందరికీ 20 అనే పడుతుంది. ఇది మన దేశంలోనే కాదు, బయట దేశాల్లోనూ ఉన్నదే. ఇక ఖాళీ గడి. పేషెంటు బాగున్నాడని వదిలారా, ఎక్స్-రేకు తీసుకుపోయారా, చార్టే దొరకలేదా? విద్యార్థులు అందులో సగటు అంకె నింపేస్తారు. రెండు రాత్రులు వార్డులో కూర్చుంటే ఇదంతా తెలుస్తుంది, ఫీజు కూడా లేదు.

యంత్రానికి ఏది జబ్బు అని నేర్పుతున్నారో కూడా చూడాలి. అమెరికాలో వాడుకలో ఉన్న ఒక ప్రోగ్రాం జబ్బు తీవ్రతకు బదులు వైద్య ఖర్చును కొలిచిందని 2019లో సైన్స్ పత్రికలో వచ్చింది. నల్లజాతి వారి మీద ఖర్చు తక్కువ పెట్టారు కాబట్టి వారు ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క తేలింది. డబ్బులేక పరీక్ష చేయించుకోని మన ముషీరాబాద్ పేషెంటుకూ ఇదే జరుగుతుంది.

2021లో మిషిగన్ విశ్వవిద్యాలయం వారు అక్కడ ఎన్నో ఆసుపత్రుల్లో వాడే సెప్సిస్ ప్రోగ్రాంను తమ దగ్గర పరీక్షించారు. ముగ్గురు సెప్సిస్ రోగుల్లో ఇద్దరిని అది పట్టలేదు. పైగా ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో 18 మందికి హెచ్చరిక మోగించింది. ఆ మోతకు పరుగెత్తేది ఎవరు? థాయ్‌లాండ్‌లో షుగరు వల్ల వచ్చే కంటి జబ్బుకు గూగుల్ వారి ఎ.ఐ.ని క్లినిక్కులలో పెట్టారు. నర్సులు తీసిన ఫోటోలలో ఐదింట ఒకటికి పైగా పనికిరావని యంత్రం తిప్పికొట్టిందని 2020లో రాశారు. గదిలో వెలుతురు సరిగా కుదరకపోవడం ఒక ముఖ్య కారణం. ఆ సంగతి ప్రయోగశాలలో ఎవరికీ తట్టలేదు, క్లినిక్‌లో సిస్టర్‌ను అడిగితే మొదటి రోజే చెప్పేది.

పోలిక కూడా ముందే రాసిపెట్టాలి. బ్రిటన్‌లో 2012 నుండి న్యూస్ అనే స్కోరు ఉంది. నాడి, శ్వాస, బి.పి. వంటివి చూసి నర్సు చేత్తో కూడుకోవచ్చు. కొత్త మోడల్ దానికంటే మెరుగని చూపలేకపోతే అంత కంప్యూటరు ఎందుకు?

అనుమతుల విషయంలో ఐ.సి.ఎం.ఆర్. వారు 2023లో ఎ.ఐ. పరిశోధనకు ప్రత్యేకంగా నియమాలు ఇచ్చారు, చదవండి. పేరు తీసేస్తే చాలదు. ఫలానా గల్లీ, 34 ఏళ్ళు, నాలుగో కాన్పు, ఫలానా తేదీన డిశ్చార్జి అంటే ఆ గల్లీలో ఎవరికి తెలియదు? ఎథిక్స్ కమిటీ అనుమతికి నెలలు పట్టవచ్చు. ఆలోగా ఏమి చేస్తారో కూడా ప్రతిపాదనలో ఉండాలి. బోస్టన్‌లోని ఒక ఆసుపత్రి రికార్డులు పేర్లు తీసేసి, మిమిక్ అనే పేరుతో, శిక్షణ పూర్తిచేసిన పరిశోధకులకు ఇస్తున్నారు. వాడుకోండి. అయితే అది బోస్టన్ అని స్పష్టంగా రాయండి, హైదరాబాద్ పేషెంటు అని చెప్పవద్దు.

చివరిగా బడ్జెట్ పేజీ. అందులో కంప్యూటరుకు, ప్రయాణాలకు, సమావేశాలకు డబ్బు ఉంటుంది. ఫారాలు నింపే నర్సు సమయానికి ఒక్క రూపాయి ఉండదు. నైట్ డ్యూటీ దిగిన అమ్మాయి మీకోసం ఇంకో రెండు గంటలు కూర్చోవాలా? ఆ పద్దు రాసి, వార్డు సిస్టర్ పేరు పరిశోధక బృందంలో చేర్చి తెచ్చిన ప్రతిపాదన నా టేబుల్ మీదికి ఇంకా ఒక్కటీ రాలేదు.