ఆయుధమును ఆపిన అక్షరము

అక్షరము పుట్టుకయే దాని పరమార్థమని తలచుట పండితులకు సహజమైన భ్రమ. ప్రాచీన చీనాలిపిలోని 'వూ' అను అక్షరము ఈ భ్రమను చక్కగా పరీక్షింపగలదు.

'వూ' అనగా యుద్ధము, శౌర్యము. జపానువారి 'బుషిదో'లోని 'బు' ఈ అక్షరమే. ఇందు రెండు భాగములు కలవు. ఒకటి, పొడవైన పిడికి అడ్డముగా అలుగు బిగించిన ఆయుధము. రెండవది, 'ఆగుట' అను అర్థము గల గుర్తు.

క్రీ. పూ. 597లో చూ దేశపు సైన్యము జిన్ సైన్యమును ఓడించినది. శత్రువుల కళేబరములను గుట్టగా పోయించి విజయచిహ్నము నిలుపుడని ఒక అనుచరుడు విన్నవింపగా, చూ ప్రభువైన జ్వాంగ్ రాజు అంగీకరింపలేదు. ఆయుధమును ఆపుటయే 'వూ' అని అక్షరమును విడదీసి చూపెను. దౌర్జన్యమును అణచుట, ఆయుధములను దాచుట, ప్రజలకు నెమ్మది కూర్చుట మున్నగు ఏడు గుణములు శౌర్యలక్షణములనియు, వానిలో ఒక్కటియు తనయందు లేదనియు చెప్పెనని 'జువో జువాన్' అను చరిత్రగ్రంథము తెలుపుచున్నది. క్రీ. శ. 100 నాటి షూ షెన్ నిఘంటువు ఈ వ్యుత్పత్తినే గైకొన్నది.

1899 తరువాత పండితుల దృష్టికి వచ్చిన షాంగ్ కాలపు ఎముకల వ్రాతలు వేరు కథ చెప్పినవి. ఆ రెండవ గుర్తు మొదట పాదము బొమ్మ. 'ఆగుట' అను అర్థము దానికి పిమ్మట కలిగినది. ఇతరాక్షరములలో చేరినపుడు అది తరచు నడకను సూచించును. కావున 'వూ' ఆయుధము పట్టి సాగిపోవు యోధుని చిత్రమని నేటి లిపివేత్తలు పెక్కురు తలచుచున్నారు. రాజు ఆగినదన్న పాదము నిజమునకు దండయాత్రకు బయలుదేరినది!

కొందరు ఈ సంగతి విడిచి, చీనాలిపిలోనే శాంతి ఇమిడియున్నదని ఉపన్యసింతురు. మరికొందరు రాజు మాటను వట్టి పొరపాటని త్రోసివేయుదురు. ఈ రెండును నాకు సమ్మతములు కావు. 'తెలుగు' శబ్దమును త్రిలింగమునుండి సాధించిన మన పూర్వుల వ్యుత్పత్తిని భాషావేత్తలు పలువురు నేడు అంగీకరింపరు. అయినను మూడు క్షేత్రముల నడిమి నేలను ఒక్క దేశముగా భావించుటకు అది తోడ్పడినది. శబ్దము ఎట్లు పుట్టినదో చరిత్ర చెప్పవలెను. దానితో ఏమి చేయవలెనో మనుష్యులు నిర్ణయింతురు.

అక్షరములో శాంతి ముందే ఉన్నదనుట జ్వాంగ్ రాజు ఘనతను తగ్గించుటయే. విజయము చేతికందిన దినమున, యుద్ధము కొరకే పుట్టిన అక్షరములో అతడు సంయమనమును చదివెను. కళేబరముల గుట్ట వేయింపక, పూర్వులకు ఆలయము కట్టించి, విజయమును నివేదించి మరలిపోయెను. మన విద్యార్థులకు ఈ రెండును చెప్పవలెను. మొదటిది దాచినచో శాస్త్రమునకు ద్రోహము. రెండవది విడిచినచో చదువునకే ప్రయోజనము లేదు.