విజ్ఞాన విశేషాలు: తేలని పద్దు

చిట్టాకూ ఆవర్జాకూ పొంతన కుదరకపోతే గుమాస్తాకు నిద్రపట్టదు. ఆకాశంలోనూ అటువంటి లెక్క ఒకటున్నది. ఈ నెల చదువరులకు దానిని గురించి మనవి చేస్తాము.

మన సూర్యుడూ, రాత్రిళ్లు మనం చూసే చుక్కలూ పాలపుంత అనే ఒక గెలాక్సీలోనివి. ఇటువంటి గెలాక్సీలు వందలూ వేలూ గుంపులు కట్టి ఉంటాయి. సుమారు 32 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న కోమా గుంపు అటువంటిదే. 1933లో ఫ్రిట్జ్ జ్విక్కీ అనే శాస్త్రజ్ఞుడు అందులోని గెలాక్సీల వేగాలను లెక్కకట్టాడు. అంత వేగంగా తిరిగేవి ఏనాడో చెదరిపోవలసినవి. కనబడే చుక్కల ఆకర్షణ వాటిని పట్టి ఉంచడానికి చాలదు. కనుక మరేదో బరువు దాగి ఉండాలని అన్నాడు.

ఎక్స్‌రేలు మన గాలిపొరను దాటి కిందికి రావు. పరికరాలనే పైకి పంపాలి. 1970 డిసెంబరు 12న, కెన్యా స్వాతంత్ర్య దినాన, ఆ తీరపు సముద్రంలోని వేదిక నుంచి ‘ఉహురూ’ ఉపగ్రహం లేచింది. స్వాహిలీ భాషలో ఆ మాటకు స్వేచ్ఛ అని అర్థం. గుంపులలో గెలాక్సీల నడుమ చోటంతా ఎక్స్‌రేలతో వెలుగుతున్నదని అది చూపింది. శూన్యమనుకున్న చోట వాయువున్నది! కోమాలో దాని వేడి పది కోట్ల డిగ్రీలకు దగ్గర. బహు పలుచన, నడిబొడ్డున సైతం ఘనపు మీటరుకు కొన్ని వేల కణాలే. అయినా అది పరచుకున్న మేర పెద్దది కావడంవల్ల మొత్తం మీద చుక్కలన్నింటికంటె కొన్ని రెట్లు బరువు తూగుతుంది.

అయితే లెక్క తేలినట్లేనా? తేలలేదు. ఎసరు తెర్లుతున్నా మూత ఎగరలేదంటే, పైన ఎంత బరువు పెట్టారో మన ఆడవారు చూడకుండానే చెప్పగలరు. ఇంత వేడి వాయువు చెదరక నిలిచిందంటే దానిని అదిమి ఉంచే ఆకర్షణ ఎంతో అలాగే గణిస్తారు. ఆ ప్రకారం నూటికి ఎనభై పాళ్లకు పైగా బరువు చుక్కలదీ కాదు, వాయువుదీ కాదు. దానికి కృష్ణపదార్థమని పేరు పెట్టారు.

ఆకర్షణ సూత్రమే తప్పేమోనని శంకించినవారూ ఉన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన చంద్రశేఖర్ గారి పేరిట 1999లో ఎగిరిన ‘చంద్ర’ దూరదర్శిని ఇక్కడ అక్కరకు వచ్చింది. ‘బుల్లెట్’ అనే చోట రెండు గుంపులు ఢీకొన్నాయి. వాయువు ఒకదానితో ఒకటి రాసుకుని వెనుకబడింది. వెనుకనున్న గెలాక్సీల కాంతి వంగిన తీరు చూస్తే, బరువు మాత్రం వాయువును విడిచి ముందుకు సాగిపోయింది. ఈ సంగతి 2006లో వెల్లడి అయింది.

పద్దు ఉన్నదని దీనితో చాలామందికి నమ్మకం కుదిరింది. అది ఏ పదార్థమో తెలిస్తేగాని జ్విక్కీ తెరిచిన ఖాతా ముగియదు.