ఆమె చూసిన దేశం గురించి ఎవరూ అడగరు

కోనసీమలోనూ, గోదావరికి అవతల నరసాపురం, పాలకొల్లు వైపునా కువైట్ నుంచో మస్కట్ నుంచో తిరిగొచ్చిన ఆడవాళ్ళు లేని ఊరు అరుదు. వాళ్ళ గురించి ఊరికి రెండే ప్రశ్నలు. 'ఎంత పంపింది?' అనేది మొదటిది. 'అక్కడ ఎలా ఉండేదో ఏమో' అనేది రెండోది. ఇది ఆమె మొహమ్మీద అడగరు, వెనక అనుకుంటారు. నువ్వు వెళ్ళిన దేశం ఎలాంటిది, అక్కడి మనుషులు ఎలా బతుకుతారు, వాళ్ళ భాష నీకెలా వచ్చింది అని మాత్రం ఎవరూ అడగరు. ఊరు అడగలేదంటే నాకు అర్థమవుతుంది. సాహిత్యం కూడా అడగకపోవడం దగ్గరే నా తగాదా.

తెలుగు సాహిత్యంలో పరాయిదేశపు బతుకు అనగానే మనకి అమెరికా గుర్తొస్తుంది. అది దానంతటది జరగలేదు. 1977లో తానా ఏర్పడిన దగ్గర్నుంచీ అక్కడివాళ్ళు సభలు పెట్టుకున్నారు, సంచికలు వేసుకున్నారు, కథల సంకలనాలు తెచ్చారు. మంచు, ఒంటరితనం, రెండు సంస్కృతుల మధ్య నలిగే పిల్లలు మనకి బాగా తెలిసిన కథావస్తువులయ్యాయి. వాటిని నేను తక్కువ చెయ్యడం లేదు. కానీ గల్ఫ్‌కి పనికెళ్ళిన స్త్రీల మాటల్ని కూడా ప్రవాస సాహిత్యంగా చదవాలని నా పరిశోధన రోజుల్లో ఒక సెమినార్‌లో ప్రతిపాదిస్తే, 'అది సోషియాలజీ వాళ్ళ పని కదమ్మా' అన్నారొక పెద్దాయన. డాలర్లు సంపాదించేవారిది అస్తిత్వ సంఘర్షణ, దినార్లు సంపాదించేవారిది సామాజిక సమస్య! ఒకరు ప్రవాసి, ఇంకొకరు వలసకూలీ. ఒకరికి మనసుంటుంది, ఇంకొకరికి చేతులుంటే చాలు.

ఈ విభజన కొత్తదేం కాదు. ఒకప్పుడు కోరంగి, కాకినాడ రేవుల మీదుగా రంగూన్ వెళ్ళిన మనవాళ్ళని బర్మాలో కోరంగీలనే పిలిచారు. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడులూ, 1942లో జపాన్ సైన్యానికి భయపడి భారతీయులు అడవులూ కొండలూ దాటి నడిచి రావడమూ చరిత్రకెక్కాయి. ఆ వలసలో మగవాళ్ళే ఎక్కువ. ఇక్కడ మిగిలిన ఆడవాళ్ళ పని మాత్రం సముద్రం దాటింది. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు అల్లిన లేసు విదేశీ మార్కెట్లకి వెళ్ళింది. ఆ శ్రమని 'గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పని' అని పిలిచి కూలిని ఎలా దిగ్గోశారో 1982లో వచ్చిన మరియా మీస్ పుస్తకం చూపించింది. అదే తీరం నుంచి తర్వాత ఆడవాళ్ళే సముద్రం దాటారు. అప్పుడు 'తీరిక' అన్న సమాజమే ఇప్పుడు 'పాచిపని' అంటోంది. రెండుసార్లూ మనం లెక్కలోంచి తీసేసింది ఒకటే, ఆ పని చేసే మనిషి ఆలోచనని.

మా మేనత్త కూతురు, నాకు వదిన వరస, 2010లో కువైట్ వెళ్ళింది. అప్పటికి ఆమెకి 23 ఏళ్ళు. ఇంటిపనివాళ్ళకిచ్చే ఇరవై నెంబరు వీసా. మొదటి నెలలో ఆ ఇంట్లో ఏ తలుపు తట్టొచ్చో, ఏది తట్టకూడదో కూడా తెలియదు. అరబ్బీ పిల్లల దగ్గర నేర్చుకుంది కాబట్టి చాలాకాలం పసిపిల్లలా మాట్లాడేదట, ఇల్లంతా నవ్వేవారట. ఆ ఇంటి ముసలామె తన చిన్నతనం గురించి చెప్పేది. చమురు డబ్బు రాకముందు తండ్రి ముత్యాల వేటకి వెళితే వేసవంతా సముద్రం మీదే ఉండేవాడనీ, పడవలు తిరిగొచ్చే రోజు ఆడవాళ్ళంతా ఒడ్డుకి పరిగెత్తేవాళ్ళనీ. అంతర్వేది దగ్గర పుట్టిన మా వదినకి ఈ మాట ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. వేటకెళ్ళిన బోటు కోసం ఎదురుచూడ్డం ఆమెకి తెలుసు. యజమానురాలు ఒకసారి, తమకి 2005లోనే ఓటుహక్కు వచ్చిందని గొప్పగా చెప్తే, 'మా అమ్మమ్మ ఎప్పుడో ఓటేసింది మామా' అందట. 'మామా' అంటే అక్కడ ఇంటి ఇల్లాలు. ఆ మామా దగ్గరే ఆరేళ్ళూ మా వదిన పాస్‌పోర్టు ఉండిపోయింది. వారానికో సెలవన్న మాటే లేదు. ఆ రెండు సంగతులూ ఆమె ఒకే గొంతుతో చెప్తుంది.

ఇప్పుడు చెప్పండి, పరాయి సంస్కృతిలో నిజంగా బతికినవాళ్ళెవరు? న్యూజెర్సీలో తెలుగు పక్కింటివాళ్ళ మధ్య, తెలుగు బడీ, తెలుగు గుడీ ఉన్నచోట కాపురం చేసేవారా? కంపెనీ క్యాంపు గదిలో పదిమంది మనవాళ్ళతో వండుకుతినే మగ కూలీలా? ఒక అరబ్ ఇంటి వంటగదిలో, పురిటిగదిలో, చావింట్లో, రంజాన్ రాత్రుల్లో ఒంటరిగా ఒకే ఒక్క పరాయి మనిషిగా నిలబడింది ఆమె. ఆ సమాజపు లోపలి గది ఆమె చూసినట్టు మన రచయితలెవరూ చూళ్ళేదు. అలాంటి మనిషిని సాక్షిగా పిలవని సాహిత్యం దేన్ని గురించి మాట్లాడుతున్నట్టు?

ఆమెని మనిషిగా లెక్కించకపోవడంలో ప్రభుత్వం కూడా తక్కువ తినలేదు. 1983 ఎమిగ్రేషన్ చట్టం వెంట వచ్చిన నిబంధనల ప్రకారం పదో తరగతి పాసవని వాళ్ళు గల్ఫ్ వంటి దేశాలకి పనికెళ్ళాలంటే ప్రత్యేక అనుమతి కావాలన్నారు. అందులో స్త్రీలకి 30 ఏళ్ళు నిండాలని షరతు పెట్టారు. మగవాళ్ళకి ఆ షరతు లేదు. రక్షణ కోసమే అన్నారు. 22 ఏళ్ళకి ఎం.ఎస్. చదవడానికి టెక్సాస్ వెళ్ళే అమ్మాయిని పూలగుత్తి ఇచ్చి విమానం ఎక్కిస్తాం. చదువుకోని స్త్రీ మాత్రం 29 ఏళ్ళకి కూడా తన మంచిచెడ్డలు తెలియనిదే! ఆకలి ముప్ఫయ్యేళ్ళు నిండేదాకా ఆగదు కనక, ఏజెంటు మా వదిన వయసు 31 చేశాడు. రేపు ఏదైనా జరిగితే ఫిర్యాదు చెయ్యడానికి కూడా తన కాగితమే తనకి భయం. రక్షణ పేరుతో పెట్టిన నిబంధన ఆమెని దొంగని చేసి పంపించింది.

'మరి అక్కడి హింస మాటేమిటి, వాళ్ళని కాపాడడం ముఖ్యం కదా' అంటారు. ముఖ్యమే. కొట్టించుకున్నవాళ్ళున్నారు, జీతం ఎగ్గొట్టించుకున్నవాళ్ళున్నారు, శవపేటికలో తిరిగొచ్చినవాళ్ళున్నారు. కానీ ఏడిస్తేనే వింటామనే షరతు కూడా హింసే. బాధితురాలూ, చెడిపోయిన ఆడదీ, ఈ రెండు వేషాలే ఆమెకి మిగిల్చాం.

పైగా కాపాడతామనే మనం ముందు మన ఇళ్ళు చూసుకుందాం. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ళ కోసం 68వ నెంబరు చట్టం చేసింది. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికో సెలవు, ఏటా జీతంతో సెలవులు ఇవ్వాలి, పాస్‌పోర్టు దాచకూడదు అంది. 2016లో 60 దినార్లు కనీస వేతనమంది. నాలుగ్గోడల మధ్య అమలు ఎంతో మనకి తెలుసు, అది వేరే పోరాటం. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 189వ ఒడంబడికని మన దేశం ఆమోదించలేదు. ఇంటిపనివాళ్ళకి ఒక చట్టం గురించి ఆలోచించడానికి కమిటీ వెయ్యమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పాల్సొచ్చింది. రాజమండ్రిలో మన ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకి వారానికో సెలవుందా? స్త్రీవాదులమైన మనం ఇళ్ళలోంచే జవాబు చెప్పుకోవాలి.

నేను అడిగేది సానుభూతి కాదు, చదవడం. 90లలో అక్కడినుంచి ఆడవాళ్ళు గొంతు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు ఇంకా కొన్ని ఇళ్ళ అటకల మీదున్నాయి. తర్వాతివాళ్ళవి ఫోన్లలో ఇమో మెసేజీలుగా ఉన్నాయి, ఫోను పోతే అవీ పోతాయి. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు వాటిని సేకరించాలి, వాళ్ళ పేర్లతోనే, వాళ్ళు ఒప్పుకుంటేనే. ప్రవాస సాహిత్యం పాఠంలో అమెరికా కథ పక్కన వాటిని పెట్టాలి. అరబ్బీ కలిసిన ఆ గోదావరి తెలుగుని భాషాశాస్త్రం వాళ్ళు వినాలి. ఇదంతా ఆలస్యమైనా, మన పత్రికలు వచ్చే సంచికకే మొదలుపెట్టగల పని ఒకటుంది. తిరిగొచ్చిన ఒకామె దగ్గర కూర్చుని, డబ్బు గురించీ శీలం గురించీ ఒక్క ప్రశ్నా వెయ్యకుండా ఆమె చెప్పింది చెప్పినట్టు అచ్చు వెయ్యడం.