టెండర్లో రాయని ఇటుక

2025 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ స్టేషన్ పాత భవనాన్ని కూల్చేశారు. చాలామంది ఫోటోలు పెట్టుకుని బాధపడ్డారు, న్యాయమే. నా బుర్రలో మాత్రం ఇంకో ప్రశ్న తిరుగుతోంది. ఆ కాంక్రీటు ముక్కలన్నీ ఎటు పోతాయి? 2023 ఏప్రిల్లో శంకుస్థాపన చేసిన, సుమారు 720 కోట్ల కొత్త స్టేషన్లోకి అందులో ఓ గంపెడైనా తిరిగొస్తుందా?

మన ఊళ్లల్లో పాత ఇల్లు పడగొడితే టేకు తలుపులు, దూలాలు, ఇనుము అన్నీ అమ్ముడుపోతాయి. మిగిలిన మట్టికుప్పకే గిరాకీ ఉండదు. అందుకే అది రాత్రికి రాత్రి ఏ నాలా పక్కనో, చెరువు శిఖంలోనో పడుతుంది. వానాకాలం నీళ్లు ఇళ్లల్లోకొచ్చాక అందరం కలిసి కార్పొరేషన్‌ని తిడతాం!

పోనీ టెక్నాలజీ లేదా అంటే, ఉంది. 2020లో జీడిమెట్లలో, ఆ తర్వాత ఫతుల్లాగూడలో రోజుకి 500 టన్నుల చొప్పున ఈ శిథిలాల్ని నలగ్గొట్టే ప్లాంట్లు పెట్టారు. కంకర, ఇసుక, పేవర్ టైల్స్ తయారవుతాయి. ప్రమాణాలు లేవా అంటే, అవీ ఉన్నాయి. ఐఎస్ 383 అనే ప్రమాణం 2016 సవరణలో పాత కాంక్రీటు కంకరని మామూలు కాంక్రీటులో 25 శాతం, ఎం25 దాకా ఇనుము వేసిన కాంక్రీటులో 20 శాతం వాడొచ్చంది. అదే ఏడాది వచ్చిన కేంద్ర నిబంధనలు ప్రభుత్వ కాంట్రాక్టుల్లో 10-20 శాతం ఇలాంటి సరుకు తప్పనిసరి చెయ్యాలన్నాయి.

మరి అడ్డం ఎక్కడ? నాకు తోచింది చెప్తాను. ప్రభుత్వ ఇంజనీరు ఎస్టిమేట్ వేసేది షెడ్యూల్ ఆఫ్ రేట్స్ చూసి. అందులో లేని సరుకు రాస్తే రేపు ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. ఇక కాంట్రాక్టరు అందరికంటే తక్కువ కోట్ చేసి పని తెచ్చుకున్నవాడు, టెండర్లో అడగనిది ఎందుకు వేస్తాడు? రిక్వైర్‌మెంట్స్‌లో లేని ఫీచర్ మీరెప్పుడైనా ఊరికే కోడ్ చేసిచ్చారా? ఇదీ అంతే.

"నాణ్యత సంగతేంటి మరి?" అంటారు. ఫ్లైఓవర్ పిల్లర్లో పొయ్యమని ఎవరన్నారండీ? ఫుట్‌పాత్, ప్రహరీ గోడ, డ్రైన్ కింద బెడ్డు, వీటితో మొదలుపెట్టమనే. టెస్ట్ రిపోర్టు ఎలాగూ అడుగుతారుగా.

నా లెక్కలో టెండర్లో మూడు వాక్యాలు చాలు. కూల్చే ముందు ఏ సరుకు ఎంత వస్తుందో లెక్క ఇవ్వాలి. కొత్త పనిలో రీసైకిల్ సరుకు ఇంత శాతం ఉండాలి. శిథిలాలు ప్లాంటుకి చేరినట్టు వేబ్రిడ్జి చీటీ చూపిస్తేనే బిల్లు పాస్ చెయ్యాలి. మూడోది ముఖ్యం, ఎందుకంటే డబ్బు ఆగితే గానీ ఎవరూ కదలరు.

2025లో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది, అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టేవాళ్లు తమ వ్యర్థాలకి తామే బాధ్యులు. మంచిదే. కానీ పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వం. అది కొనకపోతే ప్లాంటు ముందు ఇటుకలు గుట్టలుగా పేరుకుంటాయంతే.

మనం చెయ్యగలిగింది కూడా ఉంది. ఈ-ప్రొక్యూర్‌మెంట్ సైట్లోంచి మీ పేటలో పడే రోడ్డుదో, స్కూలుదో టెండర్ డాక్యుమెంటు దింపుకుని కంట్రోల్-ఎఫ్ కొట్టి 'రీసైకిల్డ్' అని వెతకండి. దొరక్కపోతే సమాచార హక్కు కింద ఒక్క దరఖాస్తు పడెయ్యండి, 10 రూపాయలు. అడిగేవాడుంటే ఆ వాక్యం ఎప్పటికైనా చేరుతుంది. ఏమంటారు?