బేటీకి ఇవ్వని ఇజాజత్

పోయిన నెల నేనొక పోటీలో దిగాను. ముషాయిరా కాదు, డెడ్‌లిఫ్ట్ పోటీ. నేలమీద ఉన్న ఇనుప రాడ్‌ని రెండు చేతులా పట్టుకుని నిటారుగా నిలబడటం. 46 ఏళ్ళ ఉమ్ర్‌లో, షుగర్ గోళీలు మింగుతూ, జిందగీలో మొదటిసారి.

"ఈ వయసులో ఇదేం షౌఖ్ భాయ్?" అన్నారు దోస్తులు. షౌఖ్‌తో మొదలు కాలేదు. దవాఖానాలో డాక్టర్ గట్టిగా చెబితే జిమ్‌లో చేరాను. ఏడాదయ్యాక, 40 దాటినవాళ్ళ విభాగంలో కోచ్ నా పేరు రాసేశాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ పొట్టతో జనం ముందు నిలబడాలి. ఎత్తలేకపోతే? మహల్లావాళ్ళెవరైనా వీడియో తీస్తే? లోగ్ క్యా కహేంగే?

ఈ భయం నాకు పాతదే. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. మొదటి వారమే సార్ లేపి చదవమంటే "కళ్ళు"ని "కల్లు" అని చదివాను. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ రోజు క్లాసు మానేసి ఉంటే ఇవాళ ఈ కలం లేదు, దాంతో వచ్చే రోటీ లేదు. కంఫర్ట్ జోన్ అంటారే, మన మాటల్లో అది ఆదత్ అయిపోయిన సుకూన్. దాన్ని వదులుకోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. తెలిసీ మరిచిపోయాను.

పోటీలో ఒక్కొక్కరికి మూడు చాన్సులు. మొదట 90 కిలోలు ఎత్తాను. ఖుషీ ఆపుకోలేక రిఫరీ "డౌన్" అనకముందే దించేశాను. ఎర్ర లైట్లు. ఎత్తినా లెక్కలోకి రాలేదు. రెండోసారి బరువు తగ్గించుకుందామంటే రూల్ ఒప్పుకోదు. మళ్ళీ 90. ఈసారి సబర్‌తో రిఫరీ చెయ్యి కిందికి దిగేదాకా ఆగాను. మూడూ తెల్ల లైట్లే. మూడోసారి 105. మోకాళ్ళు దాటలేదు. మా విభాగంలో ఆఖరివాణ్ణి నేనే. ఎవరూ నవ్వలేదు. 180 ఎత్తినాయన వచ్చి, నడుము ఎక్కడ వంగుతోందో చూపించి వెళ్ళాడు.

వీడియో తీసింది నా బేటీయే. తిరిగొస్తుంటే బండి మీద వెనక నుంచి అడిగింది.

"అబ్బా, ఇవాళ మీరు భయపడ్డారు కదా?"

"చాలా బేటా."

"ఖోఖో సెలక్షన్లప్పుడు నాకూ అంతే భయం. వెళ్ళుంటే ఓడిపోయేదాన్నేమో. అదైనా తెలిసేది."

నా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్ళ కిందట, తొమ్మిదో తరగతిలో, జిల్లా సెలక్షన్ ఫారం తెచ్చి నా ముందు నిలబడింది. "ఇంతెహాన్లు దగ్గరకొచ్చాయి" అన్నాను. హయా గురించీ, ఖాందాన్ ఇజ్జత్ గురించీ తఖ్రీర్ ఇచ్చాను. స్కార్ఫ్, ట్రాక్‌ప్యాంట్‌తో ఆడనిస్తారా అని వాళ్ళ పీటీ సార్‌ని ఒక్క మాట అడగలేదు. జుమ్మా తర్వాత మస్జిద్ బయట ఎవరేమంటారో అన్నదే నా అసలు ఫికర్. నా సుకూన్‌కి ఖరీదు నా బేటీ కట్టింది.

అడిగితే దారి దొరుకుతుంది. కుల్సూమ్ అబ్దుల్లా అనే పాకిస్తానీ అమెరికన్ లిఫ్టర్ అడగబట్టే, 2011లో అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య ఒళ్ళంతా కప్పే దుస్తులకు ఒప్పుకుంది. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయినప్పుడు అందరం స్టేటస్‌లలో ముబారక్‌లు పెట్టాం. ఆమెను బాక్సింగ్ దారి పట్టించింది వాళ్ళ అబ్బా అన్న సంగతి మాత్రం మన ఇళ్ళదాకా రానివ్వలేదు. చదువునీ తాలీమ్ అంటాం, కుస్తీ నేర్పే చోటునీ తాలీమ్ అంటాం. బేటీల దగ్గరికి వచ్చేసరికి సగం తాలీమ్‌తోనే సరిపెడుతున్నాం.

మళ్ళీ ఆడతావా అని అడిగాను. "ప్రాక్టీస్ పోయింది అబ్బా" అంది. పోయిన నాలుగేళ్ళు నేను తిరిగి ఇవ్వలేను. ఇప్పుడు ఫజర్ తర్వాత ఇద్దరం గ్రౌండ్‌కి వెళుతున్నాం. తను పరిగెడుతుంది, నేను వెనకాల ఆయాసపడుతుంటాను.

మీ ఇంట్లో కూడా ఒక బేటీ ఫారం పట్టుకుని నిలబడితే, ఇంతెహాన్ల మాట ఎత్తేముందు మిమ్మల్ని మీరు ఒక్క సవాల్ వేసుకోండి. ఆ భయం తనదా, మీదా?