ఎడమకాలి పాఠము

పాఠశాల ఫుట్‌బాలు జట్టు ఈ యేడు ఎన్ని కప్పులు గెలిచెనని అడుగువారు పెక్కురు. ఎందరు పిల్లలు ఆట నేర్చిరని అడుగువారు అరుదు. ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యమని నా యభిప్రాయము.

హైదరాబాదు చరిత్రయే ఇందుకు సాక్ష్యము. సయ్యద్ అబ్దుల్ రహీం గారు మొదట బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో బోధించిరి. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ యేడు మొదలు 1954 వరకు వరుసగా 5 మారులు రోవర్స్ కప్పు ఆ జట్టునకే దక్కెను. ఆటగాండ్రు తమ బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమముతో ఆయన పోటీలు నడిపెడివారు. కుడికాలి వాటముగలవాడు ఎడమకాలితో తన్నవలసినప్పుడు, ఎంత మేటియైనను క్రొత్తవాడే యగును. తన లోపమును తానే దిద్దుకొనును.

ఓటమియు ఆయనకు పాఠమే. 1952లో హెల్సింకి ఒలింపిక్సునందు ఆయన శిక్షణలోని భారతజట్టు, పెక్కురు వట్టికాళ్లతో ఆడగా, యుగోస్లావియా చేతిలో 10–1 గోల్సుతో ఓడెను. 1956లో మెల్బోర్నునందు నాలుగవ స్థానము పొందెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మొదటి ఆటయందు దక్షిణ కొరియాకు 2–0తో ఓడియు, తుదిపోటీలో ఆ జట్టునే 2–1తో గెలిచి స్వర్ణపతకము తెచ్చెను. మొదటి ఓటమినే తీర్పుగా ఎంచియున్నచో ఆ పతకము మనకు దక్కెడిదా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల తలిదండ్రులకు నా విన్నపమిది. పదవ తరగతి రాగానే సాయంకాలపు ఆట గంటను ప్రత్యేక తరగతులకు ఇచ్చివేయుట అనేక పాఠశాలలలో వాడుకయైనది. మార్కులు కావలసినవే; కాదనను. కాని పడి మరల లేచుట, తోడివానికి బంతి నందించుట ఏ నోటుపుస్తకమున వ్రాయింతుము? ఆటకు ఖర్చును స్వల్పమే. వరికోత తీరిన యెండు మడియు, ఒక్క బంతియు చాలును.

పోటీలకు పోవువారు పదునొకండ్రే యనుట నిజము. అయినను సాధన అందరిది కావలెను. ప్రతి తరగతి బాలబాలికలకును ఆట గంట యుండవలెను. వారమున కొకమారు అందరును బలహీనమైన కాలితోనే ఆడవలెను. నాడు మొదటివాడును కడపటివాడును సమానులగుదురు.

విద్యార్థులారా, వచ్చే సంచికలో జట్టు పటము క్రింద పదునొకండు పేర్లే యుండవచ్చును. ఆట నేర్చినవారి లెక్క మాత్రము బడి హాజరు పట్టీతో సరిపోవలెను.