బొమ్మ గీచిన చాలునా?

ఔషధ రసాయన శాస్త్రమనగానే మనలో చాలామందికి గుర్తుకు వచ్చేవి పరీక్షకు ముందు రాత్రి వల్లెవేసే షట్కోణాల బొమ్మలు. ఉదయము జవాబు పత్రముపై గీచి, సాయంత్రానికి మరచిపోతాము. ఈ చదువు మార్కులు తేవచ్చును గాని, రేపు మందుల దుకాణములో రోగికి అక్కరకు రాదని మా దృఢాభిప్రాయము.

ఒక్క ఉదాహరణ చాలును. భీమవరములో 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వాన, అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. రక్తకణాల వృద్ధికి ఇది అత్యవసరమైన విటమిన్. ఈ అణువులో నాలుగవ స్థానమున హైడ్రాక్సిల్‌కు బదులు అమైనో సమూహమును, పదవ నైట్రోజనుపై ఒక మిథైల్‌ను చేర్చితే అది మెథోట్రెక్సేట్ అవుతుంది. మార్పు స్వల్పము, ఫలితము విపరీతము. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము దీనిని తన సహజ పదార్థమని భ్రమించి పట్టుకొని, ఇక తన పని చేయలేదు. కణవిభజన కుంటుపడుతుంది. మొదటి మార్పు మాత్రమే గల అమినోప్టెరిన్‌తో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో రక్తకేన్సరు సోకిన పిల్లలకు తాత్కాలిక ఉపశమనము కలిగించగలిగినారు.

నేడు మెథోట్రెక్సేట్‌ను రుమటాయిడ్ కీళ్లవాతానికి స్వల్ప మోతాదులో, వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. పొరపాటున ప్రతిదినము మింగితే ఎముకల మజ్జ దెబ్బతిని ప్రాణాలకే ముప్పు. బొమ్మ మాత్రమే నేర్చినవాడు చీటీ చూచి మాత్రలు కట్టి ఇస్తాడు. బొమ్మ వెనుక కారణము తెలిసినవాడు ఒక్క క్షణము ఆగి, "వారానికి ఒక్కసారే" అని తెలుగులోనో, "హఫ్తే మేఁ సిర్ఫ్ ఏక్ బార్" అని ఉర్దూలోనో చెప్పి, రోగిచేత తిరిగి చెప్పించుకొంటాడు. ఈ రెండు భాషలూ వినిపించే మన కళాశాలకు ఇది ప్రత్యేక బాధ్యత.

బొమ్మలు నేర్వనిదే కారణము తెలియునా అని కొందరు అడుగవచ్చును. నిజమే, బొమ్మ కావలసినదే. కాని అది అక్షరము వంటిది, అర్థము వేరు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటే. విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళిక మన చేతిలో లేకపోవచ్చును. మన కళాశాల పరీక్షలలోనైనా "ఈ సమూహమును మార్చితే ఏమగును? రోగికి ఏమి చెప్పవలెను?" అనే ప్రశ్నకు చోటు కల్పించండి. సోదర సోదరీ విద్యార్థులారా, ఆ ప్రశ్న వచ్చువరకు ఆగక, ప్రతి బొమ్మను ఆ ప్రశ్నతోనే చదువుదాము.